జపాన్ రేసింగ్ టీముల చరిత్ర: టామ్స్, కునిమిత్సు, నిస్మో... ఎవరితో మొదలుపెట్టాలి?

ఫార్ములా వన్ చూసి చూసి జపాన్ రేసింగ్ వైపు తిరిగేవాళ్లను మొదట తికమక పెట్టేది టీముల గుంపు. జపాన్ కార్ల రేసింగ్ పోటీ సూపర్ జీటీలో ఒక్క జీటీ500 అనే పై తరగతిలోనే పదిహేను కార్లుంటాయి. ఒక్కో కారుకు స్పాన్సర్ పేరు, టీం పేరు, మోడల్ పేరు కలిపి బారెడు పేరు. అన్నిటినీ ఒకేసారి పట్టుకోబోతే నాలుగు రేసుల్లో విసుగొచ్చేస్తుంది. ఒక్క టీంను ఎంచుకుని దాని చరిత్ర వెంట నడిస్తే మిగతావాళ్లు ఆ దారిలోనే తగులుతారు.

చివరిదాకా ఊరించే ఉద్దేశం లేదు గనక మా మాట ముందే చెప్పేస్తాం. చాలామందికి సరిపోయేది టామ్స్. దాన్ని ఒంటరిగా కాకుండా కునిమిత్సుతో జతచేసి చదవండి. కారు లోపలి లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు నిస్మోకి వెళ్లండి. చేతిలో ఒక్క ఆదివారమే ఉంటే మజ్దాస్పీడ్ చాలు. మనవాడు, నరేన్ కార్తికేయన్, నడిపిన టీం కావాలంటే నకాజిమా. ఇంపుల్ గొప్పదే కానీ, మొదటి టీంగా వద్దు. ఎందుకో కింద చెప్తాం.

ట్రోఫీలు లెక్కపెట్టి ఎంచుకోకండి

సూపర్ జీటీలో గెలిచినవాడు తర్వాతి రేసులో బరువు మోయాలి. ఇటీవలి నిబంధనల ప్రకారం ఒక్కో పాయింటుకు రెండు కిలోలు. మామూలు నిడివి రేసు గెలిస్తే 20 పాయింట్లు, అంటే 40 కిలోలు నెత్తిన పడ్డట్టే. జీటీ500లో ఈ లెక్క 50 కిలోలు దాటితే బరువు పెంచడంతో సరిపెట్టరు, ఇంజన్‌కు వెళ్లే ఇంధన ప్రవాహాన్ని కూడా కుదిస్తారు. ఆఖరుకి ముందు రేసులో పాయింటుకు ఒక కిలో, ఆఖరి రేసులో అసలు బరువే ఉండదు. అందుకే ఇక్కడ సీజన్ మధ్యలో ఐదో స్థానం చాలా విలువైనది. బరువుతో ఉన్న కారును ఐదో స్థానానికి లాక్కొచ్చిన టీం, తేలిక కారుతో గెలిచిన టీం కన్నా ఆ రోజు మెరుగ్గా పనిచేసి ఉండొచ్చు. గెలుపుల పట్టికలో ఇది కనిపించదు.

రెండోది టైర్లు. ఎఫ్1లో లాగా అందరికీ ఒకే టైరు కాదు, కంపెనీల మధ్య పోటీ ఉంటుంది. 2014, 2015ల్లో నిస్మో మిషెలాన్ టైర్లతో టైటిల్ గెలిచింది. ఆ తర్వాత 2016 నుంచి 2024 దాకా జీటీ500 టైటిల్ గెలిచిన ప్రతి కారుకూ ఉన్నది బ్రిడ్జ్‌స్టోనే. 2023 చివర్లో మిషెలాన్ జీటీ500 నుంచి తప్పుకుంది. డన్‌లప్‌తో, యోకోహామాతో పరిగెత్తే టీంను పాయింట్ల పట్టిక చూసి చిన్నచూపు చూస్తే, టైరు మీద వేయాల్సిన మార్కులు టీం మీద వేసినట్టు అవుతుంది.

మూడోది పేర్లు. 2009లో పెట్రోనాస్ టామ్స్ ఎస్‌సీ430, 2017లో కీపర్ టామ్స్ ఎల్‌సీ500, 2021లో ఏయూ టామ్స్ జీఆర్ సుప్రా: మూడూ ఒకే టీం. స్పాన్సర్ మారతాడు, టొయోటా మోడల్ మారుస్తుంది, టామ్స్ అలాగే ఉంటుంది. పాత ఫలితాల్లో వెతికేటప్పుడు కారు నంబర్ పట్టుకోండి: టామ్స్‌కు 36, 37, నిస్మోకు 23, ఇంపుల్‌కు 12, కునిమిత్సుకు 100, నకాజిమాకు 64. ఛాంపియన్ అయిన ఏడాది తర్వాత 1 నంబర్ తగిలించుకోవచ్చు, అక్కడ మాత్రం జాగ్రత్త.

పోటీల పేర్లు కూడా మారుతూ వచ్చాయి. జేజీటీసీ 1993లో మొదలైంది, 2005 నుంచి దాని పేరు సూపర్ జీటీ. సింగిల్ సీటర్లలో ఫార్ములా టూ పోయి 1987లో ఎఫ్3000, 1996లో ఫార్ములా నిప్పన్, 2013లో సూపర్ ఫార్ములా వచ్చాయి. "సూపర్ ఫార్ములా 2009 విజేత" అని వెతికితే సరైన పేజీ దొరక్కపోవడానికి కారణం ఇదే.

టామ్స్, కునిమిత్సు: విడదీయకుండా చదవాల్సిన జంట

టామ్స్‌ను 1974లో టొయోటా డ్రైవర్ నోబుహిదే తాచి, కియోషి ఓఇవా కలిసి పెట్టారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే టీం పేరులో ఉన్నాయి. మొదటి టీంగా దీన్నే ఎందుకు తీసుకోమంటున్నామంటే, ఈ దారం ఎక్కడా తెగలేదు. టూరింగ్ కార్లు, ఫార్ములా త్రీ, లె మాన్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు), జీటీ, సూపర్ ఫార్ములా: ఏ దశాబ్దంలో చూసినా టామ్స్ ఎక్కడో ఒకచోట ముందువరసలో ఉంటుంది.

లె మాన్‌లో 1985లో టామ్స్ కారు 12వ స్థానంలో వచ్చింది. నడిపినవాళ్లలో సతోరు నకాజిమా, మసనోరి సెకియా ఉన్నారు. రెండేళ్లకు నకాజిమా ఎఫ్1కు వెళ్లాడు. సెకియా 1992లో టొయోటా టీఎస్010తో లె మాన్‌లో రెండో స్థానం తెచ్చాడు, 1995లో వేరే టీం మెక్‌లారెన్‌లో ఆ రేసునే గెలిచి, మొత్తం మీద మొదటి స్థానం సాధించిన తొలి జపాన్ డ్రైవర్ అయ్యాడు. నకాజిమా కొడుకు కజుకి 2012లో ఫార్ములా నిప్పన్, 2014లో సూపర్ ఫార్ములా టైటిళ్లు గెలిచింది మళ్లీ టామ్స్‌తోనే. ఇలా ఒక టీంలోంచి అందరి చరిత్రలకూ తలుపులు తెరుచుకుంటాయి.

ప్లేస్టేషన్ ఆటల పుణ్యమా అని చాలామందికి గుర్తున్న క్యాస్ట్రాల్ టామ్స్ సుప్రా 1997 జేజీటీసీ టైటిల్ గెలిచిన కారు. డ్రైవర్లు మిఖాయెల్ క్రుమ్, పెడ్రో డె లా రోసా. దాంట్లో 2జేజెడ్ ఇంజన్ ఉందని పందెం కాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోడ్డు మీది సుప్రాలో ఉన్నది ఆ ఆరు సిలిండర్ల ఇంజనే. రేసు కారులో వాడింది మాత్రం 3ఎస్ కుటుంబానికి చెందిన రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో. ఇంజన్ పొట్టిదీ తేలికైనదీ కావడంతో ముందు ఇరుసు మీద బరువు తగ్గుతుంది. సుప్రా అంటే 2జేజెడ్ మాత్రమే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

ఆ తర్వాత 2006, 2009, 2017, 2021, 2023, 2024 జీటీ500 టైటిళ్లు కూడా టామ్స్‌వే. 2017లో రియో హిరకావాతో కలిసి గెలిచిన న్యూజిలాండ్ డ్రైవర్ నిక్ కాసిడీ, 2019లో టామ్స్‌తోనే సూపర్ ఫార్ములా టైటిల్ కూడా కొట్టాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన హైదరాబాద్ ఫార్ములా ఈ రేసులో జాన్ ఎరిక్ వెర్న్ వెనకే రెండో స్థానంలో వచ్చింది ఈయనే. ఆ రోజు స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు టామ్స్ తయారుచేసిన ఛాంపియన్‌ను కళ్లారా చూసినట్టే.

అయితే గెలుపుల జాబితా ఒక్కటే చదివితే టామ్స్ చప్పగా ఉంటుంది. దానికి ఉప్పూకారం కునిమిత్సు.

కునిమిత్సు తకహాషి 1961లో హాకెన్‌హైమ్‌లో హోండా 250 సీసీ బైకు మీద వెస్ట్ జర్మన్ గ్రాండ్ ప్రి గెలిచాడు. ప్రపంచ మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి గెలిచిన మొదటి జపనీయుడు ఆయనే. మరుసటి ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పడి తీవ్రంగా గాయపడ్డాడు. తర్వాత కార్లకు మారి, దశాబ్దాల పాటు నడిపాడు. సొంత టీంతో, హోండా ఎన్ఎస్ఎక్స్‌లో, 1995 లె మాన్ జీటీ2 తరగతి గెలిచినప్పుడు ఆయనకు 55 ఏళ్లు. పక్క సీట్లు పంచుకున్నది కెయిచి త్సుచియా, అకిరా ఈదా. త్సుచియాను డ్రిఫ్ట్ రాజుగా ఎరిగినవాళ్లు ఆ విద్య ఎవర్ని చూసి పట్టాడో తెలుసుకోవాలంటే తకహాషి దగ్గరికే రావాలి.

ఈ రెండు టీములూ ఆఖరి రేసులో ఢీకొన్న మూడు సీజన్లున్నాయి. సూపర్ జీటీ అంటే ఏమిటో ఆ మూడు చూస్తే తెలిసిపోతుంది.

2018లో మోతెగి ట్రాక్‌లో ఫైనల్‌కు వచ్చేసరికి కునిమిత్సు, టామ్స్ సమాన పాయింట్లతో ఉన్నాయి. ఎవరు ముందొస్తే వాళ్లదే టైటిల్. కునిమిత్సు కారులో నవోకి యమమోతో, 2009 ఎఫ్1 ఛాంపియన్ జెన్సన్ బటన్. టామ్స్ కారులో హిరకావా, కాసిడీ. ఆఖరి ల్యాపుల్లో హిరకావా బటన్ వెనక్కి దూసుకొచ్చాడు. అయినా దారి దొరకలేదు. కునిమిత్సు మూడో స్థానం, టామ్స్ నాలుగు.

2020లో ఫూజీ ట్రాక్ మీద జరిగింది ఇంకా క్రూరం. 66 ల్యాపుల రేసు. టామ్స్ 37లో హిరకావా ముందున్నాడు, వెనక యమమోతో వదలడం లేదు. ఈ రేసుల్లో మధ్యలో ఆగి ఇంధనం పోసుకోవాలి. గొట్టం ఎంతసేపు పెట్టి ఉంచితే పిట్‌లో అంతసేపు పోతుంది గనక ప్రతి టీమూ గీత గీసినట్టు సరిపడా మాత్రమే పోస్తుంది. తర్వాత డ్రైవర్ అక్కడక్కడా థ్రాటిల్ ముందే వదిలి మిగుల్చుకోవాలి. వెనకవాడు తరుముతుంటే ఆ పొదుపు కుదరదు. చివరి ల్యాపు, చివరి మలుపు దాటాక, గీత కనిపిస్తుండగా 37కు ఇంధనం అయిపోయింది. సుమారు కిలోమీటరున్నర ఉండే ఫూజీ స్ట్రెయిట్ మీద హిరకావా కారు నెమ్మదిస్తే, పక్కనుంచి యమమోతో నీలి ఎన్ఎస్ఎక్స్ దూసుకెళ్లిపోయింది. రేసు, టైటిల్ రెండూ కునిమిత్సువి. రేబ్రిగ్ అనే స్పాన్సర్ పేరుతో ఆ కారుకు అదే ఆఖరి రేసు కూడా.

2021లో లెక్క తిరగబడింది. ఫూజీకి పాయింట్లలో అందరికన్నా ముందు వచ్చింది యమమోతో. మొదటి మలుపు దగ్గర జీటీ300 అనే కింది తరగతి కారొకటి వచ్చి కొట్టడంతో ఆయన ఆశ అక్కడే ముగిసింది. రేసు గెలిచిన టామ్స్ 36లోని షో త్సుబోయి, యూహి సెకిగుచి చాలా వెనకనుంచి వచ్చి ఛాంపియన్లయ్యారు. రెండు తరగతులనూ ఒకే ట్రాక్ మీద కలిపి వదలడం ఈ పోటీకి అందమూ, గండమూ. 2022 మార్చిలో తకహాషి కన్నుమూశారు.

నిస్మో: కారును ప్రేమించేవాళ్లకి

1984లో నిస్సాన్ తన రేసింగ్ విభాగాలను కలిపి నిస్మో పెట్టింది. ఇది కంపెనీ సొంత టీం, కాబట్టి చరిత్రంతా డ్రైవర్ల చుట్టూ కాక ఇంజనీరింగ్ చుట్టూ తిరుగుతుంది. 1990-93 మధ్య గ్రూప్ ఏలో (రోడ్డు కార్ల మీద ఆధారపడిన రేసు కార్ల తరగతి) నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ 29 రేసుల్లో 29 గెలిచిందన్నది అందరికీ తెలుసు. ఆ ఇంజన్ 2568 సీసీయే ఎందుకైందో చూడండి. గ్రూప్ ఏలో టర్బో ఉంటే సామర్థ్యాన్ని 1.7తో హెచ్చిస్తారు. 2568ని హెచ్చిస్తే 4366 దగ్గర ఆగుతుంది, అంటే 4500 సీసీ తరగతికి కాస్త లోపల. ఆ తరగతిలో పది అంగుళాల వెడల్పు టైరు వాడుకోవచ్చు. నిబంధనల పుస్తకం ముందు పెట్టుకుని, దాని కొలతలకు తగ్గట్టు రోడ్డు కారు తయారుచేశారన్నమాట.

ఇక్కడే ఓ మెలిక. ఆ 29 గెలుపులూ నిస్మో టీం ఖాతాలోవి కావు. కార్ల అభివృద్ధి నిస్మోది. మొదటి ఏడాది ట్రాక్ మీద గెలిచినవాళ్లు ఇంపుల్, హసెమీ లాంటి టీములు. అలాగే 2011, 2012 సూపర్ జీటీ టైటిళ్లు నిస్సాన్‌వే కానీ మోలా టీంవి. ఆ టైటిళ్లు గెలిచిన డ్రైవర్ రోనీ క్వింతరెల్లి ఆ తర్వాత నిస్మోకు మారి 2014, 2015 గెలవడంతో చాలామంది నాలుగూ కలిపేస్తుంటారు. నిస్మో పేరు మీద లెక్కపెట్టాల్సినవి 1998, 1999, 2003, 2004, 2008, 2014, 2015.

విదేశాల్లో దీని గ్రాఫ్ ఎగుడుదిగుడు. 1992లో ఆర్91సీపీతో డేటోనా 24 గంటల రేసు గెలిచింది. 1998 లె మాన్‌లో ఆర్390లు నాలుగుకు నాలుగూ తొలి పదిలో ముగించాయి, మూడో స్థానం కారును నడిపింది ముగ్గురూ జపనీయులే. 2015లో వచ్చిన జీటీ-ఆర్ ఎల్ఎం మాత్రం ఘోరం. ఇంజన్ ముందు, డ్రైవ్ కూడా ముందు చక్రాలకే. హైబ్రిడ్ బలాన్ని వెనక చక్రాలకు పంపాలన్న ఆలోచన పనిచేయక, మొత్తం భారం ముందు టైర్ల మీదే పడింది. మూడు కార్లలో రెండు ఆగిపోయాయి, మూడోది గీత దాటినా చాలినన్ని ల్యాపులు లేక ఫలితాల్లోకి ఎక్కలేదు. గెలుపుల కన్నా ఈ వైఫల్యం నుంచే ఎక్కువ నేర్చుకోవచ్చని మా అభిప్రాయం.

ఇంపుల్ ఎందుకు మొదటిది కాకూడదు

కజుయోషి హోషినో టీం ఇది. 1976 ఫూజీ గ్రాండ్ ప్రిలో, కుండపోత వానలో, ప్రైవేటు టైరెల్ నడుపుతూ మూడో స్థానం దాకా వెళ్లి, మార్చుకోవడానికి టైర్లు లేక ఆగిపోయిన మనిషి. జేజీటీసీలో 1994, 1995 టైటిళ్లు నీలి కాల్సోనిక్ స్కైలైన్‌వి. మళ్లీ జీటీ500 టైటిల్ 2022లో, కజుకి హిరమినె, బెర్ట్రాండ్ బగెట్ చేతుల మీదుగా. మధ్యలో 27 ఏళ్ల ఎదురుచూపు. ఆ ఎదురుచూపు బరువు తెలియాలంటే ముందు నిస్మో, టామ్స్ చరిత్రలు తెలిసి ఉండాలి. అవి తెలియకుండా చదివితే ఓడిపోయిన సీజన్ల జాబితాలా ఉంటుంది. రెండో టీంగానో మూడో టీంగానో పెట్టుకోండి.

నకాజిమా: మన దారి

సతోరు నకాజిమా 1987లో లోటస్-హోండాలో సెన్నా సహచరుడు. ఎఫ్1లో పూర్తి సీజన్లు నడిపిన తొలి జపనీయుడు, ఆ ఏడాది సిల్వర్‌స్టోన్‌లో నాలుగో స్థానం. ఆయన టీం 1999లో టామ్ కొరొనెల్, 2000లో తొరనొసుకె తకాగి, 2002లో రాల్ఫ్ ఫర్మన్, 2009లో లోయిక్ దువాల్‌లతో ఫార్ములా నిప్పన్ టైటిళ్లు గెలిచింది. జీటీ500 టైటిల్ మాత్రం లేదు. 2017 సుజుకా 1000 కిలోమీటర్ల రేసును డన్‌లప్ టైర్లతో గెలిచింది.

భారత డ్రైవర్ నరేన్ కార్తికేయన్ 2014లో ఇంపుల్‌తో సూపర్ ఫార్ములాలోకి వచ్చి, 2017, 2018ల్లో నకాజిమాతో నడిచి, 2019లో అదే టీం 64లో తదాసుకె మాకినోతో కలిసి జీటీ500 నడిపాడు. సీజన్ సాదాసీదాగా గడిచింది. నవంబర్‌లో ఫూజీలో జర్మనీ డీటీఎం కార్లతో కలిపి జరిపిన ప్రత్యేక పోటీలో అందరికీ ఒకే హాంకూక్ టైర్లిచ్చారు. రెండో రేసు గెలిచింది కార్తికేయన్. పైన టైర్ల గురించి అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. మాకినో మరుసటి ఏడాదే కునిమిత్సుకు మారి, పైన చెప్పిన ఇంధనం రేసులో యమమోతోతో కలిసి ఛాంపియన్ అయ్యాడు.

మూసేసిన టీములు: తక్కువ సమయం ఉన్నవాళ్లకి

మజ్దాస్పీడ్ కథ 1991 లె మాన్‌తో పూర్తిగా అర్థమైపోతుంది. నాలుగు రోటార్ల రోటరీ ఇంజన్ (పిస్టన్లకు బదులు రోటార్లు తిరిగేది) ఉన్న 787బి కారు, 55 నంబర్, 19వ స్థానం నుంచి మొదలై 362 ల్యాపులు. డ్రైవర్లు వైడ్లర్, హెర్బర్ట్, గాషో. అసలు పని ట్రాక్ ఎక్కకముందే జరిగింది: ప్రత్యర్థుల్లో బరువైన పాత తరం కార్లు 1000 కిలోలు మోయాల్సి ఉంటే, మజ్దాకు 830 కిలోలకే అనుమతి దొరికింది. మొత్తం రేసుకు ఇంధనం పరిమితం కావడంతో ఆ తేలిక 24 గంటలూ పనికొచ్చింది. గెలిచారనే కోపంతో రోటరీని నిషేధించారన్నది ఉత్త కబురు. అందరూ 3.5 లీటర్ల పిస్టన్ ఇంజన్లే వాడాలన్న నిబంధన అంతకుముందే ఖాయమైంది.

సూపర్ అగురి 2006 నుంచి 2008 మే దాకా 39 ఎఫ్1 రేసుల్లో 4 పాయింట్లు తెచ్చింది. వాటిలో మూడు 2007 కెనడాలో డ్రైవర్ సాటో ఆరో స్థానంవి. పాత ఆరోస్ చాసీ మీద మొదటి కారు కట్టుకున్న టీంకు అది తక్కువేం కాదు. ఎఫ్1లో టొయోటా (2002-09) డబ్బుకు లోటు లేకపోయినా ఒక్క రేసూ గెలవలేదు. పనంతా కొలోన్‌లోనే జరిగింది, జపాన్ టీం కథ కోసం వెతికేవాళ్లకు అక్కడ దొరికేది తక్కువ.

చూసే క్రమం

టామ్స్-కునిమిత్సు జంటను ఎంచుకుంటే 2018 మోతెగి, 2020 ఫూజీ, 2021 ఫూజీ ఈ వరసలోనే చూడండి. 2020 ముందు చూస్తే ఇంధనం దృశ్యం ఓ వింతలా మాత్రమే మిగులుతుంది. ఆఖరి ల్యాపులకు జరిపేయకుండా పిట్ స్టాప్ దగ్గర నుంచి చూడండి; ఎవరు ఎంతసేపు ఆగారో కాగితం మీద రాసుకుంటే చివర్లో ఎవరి కారు ఎందుకు నెమ్మదించిందో కామెంటరీ అర్థం కాకపోయినా తెలుస్తుంది. ప్రత్యక్షంగా చూసేవాళ్లకు జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ మధ్యాహ్నం 2 గంటల రేసంటే హైదరాబాద్‌లో ఉదయం పదిన్నర, వేసవిలో డాలస్‌లో శనివారం అర్ధరాత్రి.